మామూలు మొహం

1974 మే 2, గురువారం

ఆయన వెళ్ళిపోయారు. మద్రాసు మెయిలెక్కి ఊరెళ్ళారని అందరికీ చెప్పాలి. ఎక్కలేదు.

రైల్వే సమ్మె మొదలవడానికి ఇంకా వ్యవధి ఉంది, అప్పుడే పోలీసులు పట్టుకుపోవడం మొదలైపోయింది. పొద్దున్న యూనియన్ వాళ్ళని వర్క్‌షాప్ గేటు దగ్గర వ్యానెక్కించారట. తరవాత ఎవరి వంతో కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గేటు మీటింగుల్లో గణపతిరావు మాట్లాడితే వినాలి అని ఈయన్ని మెచ్చుకున్నవాళ్ళు ఇవాళ మా గుమ్మం ముందు నుంచి నడవడం మానేశారు. ఆయన భోజనానికి వచ్చి, అన్నం సగంలో వదిలేసి, వెనక తలుపు నుంచి వెళ్ళిపోయారు. సైకిలు ముందు గుమ్మంలోనే ఉండిపోయింది. దాన్ని చూస్తే మనిషి ఇంట్లో ఉన్నట్టే ఉంది. లోపలికి లాగేశాను.

ఎక్కడికి వెళ్ళారో ఇక్కడ రాయను.

నాకు భయం లేదు. సమ్మె చేసేది ఈయనొక్కరేనా?

మే 3

జోగమ్మ పిన్ని అడగనే అడిగింది. మాదీ వాళ్ళదీ ఒకే క్వార్టరు చెరిసగం, మధ్యలో గోడ. వాళ్ళాయన ఎర్రయ్య గారు రిటైరవబోయే వయసులో సమ్మెలూ గిమ్మెలూ నావల్ల కాదు, డ్యూటీకి వెళ్తానని బాహాటంగానే చెప్పేశాడు. అలాంటి ఇంటి మనిషి గోడవతల నుంచి తొంగిచూసి, "ఓలమ్మీ, మీ ఆయన కనపడ్డం నేదు, ఏటి కత?" అంటే నా నోటికి ఏదొస్తే అది అనేశాను.

"ఊరెళ్ళినారు పిన్నీ. మా చినమావగారు పోయినారని టెలిగ్రాం వొచ్చినాది."

చినమావగారు పాలకొండ దగ్గర పొలం గట్టు మీద కూర్చుని హాయిగా చుట్ట కాల్చుకుంటూ ఉండి ఉంటారు. బతికున్న మనిషిని నోటితో చంపేశాను. చంపాక తప్పదు కదా, కుళాయి దగ్గర అందరూ చూస్తుండగా కట్టుచీరతోనే తలమీంచి నీళ్ళు పోసుకున్నాను. దేవుడి గూటికి గుడ్డ కట్టాను. దీపం పెట్టలేదు. మధ్యాహ్నం పిన్ని అన్నమూ చారూ తెచ్చి గుమ్మం బయట పెట్టి, "మైలింట్లో ఈ పూట పొయ్యెలిగించకు," అని వెళ్ళిపోయింది. మా పాప పైడి లొట్టలేసుకుంటూ తింది. నా వంతు కూడా దానికే పెట్టేశాను.

మే 4, శనివారం

మైల అని చెప్పి బాల్వాడీ మానేద్దామనుకున్నాను. మానేసి ఇంట్లో కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు ఎక్కువవుతారు. ఉద్యోగానికి మైలేమిటని మగవాళ్ళు అంటారు కదా, నేనూ అదే అన్నాను.

శనివారం కాబట్టి టీవీ. పోయినేడు బాల్వాడీ టీచర్ల ట్రైనింగుకని ఢిల్లీ పంపినప్పుడు అక్కడ నిజం టెలివిజన్ చూశాను. చిన్నపిల్లల కోసం అందులో బొమ్మలు మాట్లాడుతున్నాయి: కోపం వస్తే ఏం చెయ్యాలి, ఏడుపొస్తే ఎవరికి చెప్పాలి అని. ఆ ముచ్చట నేను తిరిగి వచ్చి చెప్తే ఆయన ఓ టీ పెట్టె తెచ్చి, ముందువైపు చదరంగా కోసి, సోడా మూతలు మీటల్లా బిగించి, పైన గొడుగు ఊచతో యాంటెన్నా పెట్టారు. ఖరగ్‌పూర్‌లో మా పిల్లలెవరూ నిజం టీవీ చూడలేదు కాబట్టి వాళ్ళకి ఇదే నిజం. నేను వెనక కూర్చుని చేతులకి గుడ్డబొమ్మలు తొడుక్కుంటాను. కోపయ్య, నవ్వులయ్య, జడుపమ్మ. అందరికీ జడుపమ్మే ఇష్టం. చివర్లో ఒక్కొక్కళ్ళే వచ్చి ఆమె చెవిలో తమ భయం చెప్తారు. ఆమె ఎవరికైనా ఒకే జవాబిస్తుంది: "నాకూను. రా, పక్కన కూకో." జడుపమ్మకి చెప్పింది ఇంకెవరికీ చెప్పకూడదు. అది మా టీవీ రూలు.

మామూలుగా బల్లి అంటారు, ఇంజను కూత అంటారు. ఇవాళ అందరూ ఒక్కటే చెప్పారు. పోలీసు.

జడుపమ్మ జవాబు చెప్పలేకపోయింది. నా గొంతులో దుమ్ము పడింది.

మే 5, ఆదివారం

రాయనన్నాను కానీ రాయకపోతే తల పగిలేలా ఉంది. పైడీ నేనూ బస్సెక్కి మలంచా పేట వెళ్ళాం. ఈయన స్నేహితులు పాండురంగయ్య గారి ఇల్లు అక్కడే. ఆయనకి గోల్ బజార్‌లో కిరాణా కొట్టు ఉంది, ఇంటి వెనక గదిలో మిరపకాయల బస్తాలు వేస్తారు. ఆ బస్తాల వెనక ఉన్నారు ఈయన. పాండురంగయ్య గారి భార్య కుసుమ గారు సరుకు చూపిస్తున్నట్టు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. పిల్లని తీసుకెళ్ళకూడదని నాకు తెలియదా? చూడాలని కబురు పెట్టారు మరి. పెట్టకపోయినా తీసుకెళ్ళేదాన్నేమో.

మీసం తీసేశారు. పైడి ముందు గుర్తుపట్టలేదు, పట్టాక మెడ వదల్లేదు. మేం వచ్చేస్తుంటే ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

బస్సు నిండా జనం. పైడి గొంతెత్తి, "అమ్మా, నాన్న ఏడ్సినాడు," అంది. దాని చెవిలో, "మిరపకాయల ఘాటే, కళ్ళు మండినాయి. ఊరుకో," అన్నాను.

"జడుపమ్మకి సెప్పొచ్చా?"

"సెప్పకూడదు."

మిరపకాయల ఘాటే అది.

మే 6

పాఠం మొదలుపెట్టాను.

"మీ నాన్న ఏడీ అని ఎవరైనా అడిగితే?"

"మిరపకాయల గదిలో..."

"కాదు. ఊరెళ్ళినారు, సినతాత పోనారు. అను."

అంది. అంటుంటే కింది పెదవి వణికింది. "నవ్వుతా సెప్పు," అన్నాను.

"సినతాత పోతే నవ్వుతారేటమ్మా?"

ఏ మొహం ఎప్పుడు వస్తుందో శనివారం శనివారం కూర్చోబెట్టి నేర్పింది నేనే. ఇప్పుడు నన్నే అడుగుతోంది. "సరే, నవ్వొద్దు, ఏడవొద్దు. మొహం మామూలుగా పెట్టుకో."

"మామూలు మొహం ఎలాగుంటాది?"

టీవీలో అలాంటి బొమ్మ లేదు. "నన్ను సూడు, ఇలాగుంటాది," అని చూపించాను. పైడి కాసేపు చూసింది, తరవాత కళ్ళు గట్టిగా మూసుకుంది.

మే 8

సమ్మె. సైరన్ మోగింది, ఎవరూ కదల్లేదు. సైకిళ్ళ చప్పుడు లేకుండా ఆ కూత వినడం ఈ ఊళ్ళో ఇదే మొదలు. ఎర్రయ్య గారొక్కడే మా వరసలోంచి వెళ్ళాడు, అటూ ఇటూ పోలీసులతో, తల దించుకుని. ఇంటి ముందు నుంచి వెళ్తూ మా తలుపు వైపు చూశాడు. ఎందుకు చూశాడు?

మే 9

ఈ చేతులు విరిగిపోతే బాగుండును. లేస్తూనే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టేశాను. నిద్రమత్తు, అలవాటు. మైల పట్టిన ఇంటి ముందు ముగ్గు! పైగా ఇవాళ బాగా కుదిరిందే అని కూడా అనుకున్నాను. తలెత్తితే ఎదురుగా జోగమ్మ పిన్ని, చేతిలో చెంబు. ముగ్గు వైపు చూసింది, నా వైపు చూసింది. గబగబా వచ్చి చెంబెడు నీళ్ళూ ముగ్గు మీద గుమ్మరించి కాలితో రాసేసింది.

"పోలీసోలకి తెలకపోవచ్చు గానీ, కాలనీ ఆడోలకి తెల్దేటమ్మీ?" అంది మెల్లగా. చెంబు పట్టుకుని వెళ్ళిపోయింది.

తెలిసిపోయింది. ఎర్రయ్య గారు డ్యూటీ నుంచి వస్తాడు, పిన్ని అన్నం పెడుతుంది, పక్కన కూర్చుంటుంది, చెప్తుంది. భార్య భర్తకి చెప్పకుండా ఉంటుందా? నేనైతే చెప్పేదాన్ని.

మే 10

జోగమ్మ పిన్ని ఇవాళ గోడ దగ్గరికి రాలేదు.

మే 11, శనివారం

జడుపమ్మని ట్రంకు పెట్టె అడుగున పెట్టేశాను. పైడి వంతు వస్తే అందరి ముందూ ఏం చెప్తుందో అని కాదు. బొమ్మ మాసిపోయింది, ఉతకాలి.

నవ్వులయ్య ఒక్కడే ఆడాడు. ఎన్ని పిల్లిమొగ్గలు వేయించినా ఒక్క పిల్ల నవ్వలేదు. తీతు అని ఓ పిల్లాడున్నాడు, వాళ్ళ నాన్నని మొదటి రోజే తీసుకెళ్ళిపోయారు. లేచి నిలబడి, "టీసరమ్మా, జడుపమ్మని కూడా పోలీసోలు పట్టుకుపోనారా?" అని అడిగాడు.

లేదన్నాను. నమ్మలేదు. టీవీకి వీపు తిప్పి కూర్చున్నాడు.

మే 13

పిన్ని మళ్ళీ గోడ దగ్గరికి వస్తోంది. ఏమీ ఎరగనట్టే మాట్లాడుతోంది. అది ఇంకా భయం. ఇవాళ పైడికి మామిడిపండు ముక్క ఇచ్చి, "మీ నాన్న మీద బెంగెట్టుకున్నావేటే?" అంది. పైడి, "మా నాన్నకి మీసం..." అంటూ మొదలుపెట్టింది.

తొడ మీద గిల్లాను. గట్టిగా కాదు. పైడి నోరు మూసుకుని, తరవాత నెమ్మదిగా, "మా నాన్న ఊరెళ్ళినారు. సినతాత పోనారు," అంది. మొహం మామూలుగానే పెట్టింది. మొదటిసారి సరిగ్గా చెప్పింది.

మే 14

పైడి తొడ మీద నల్లగా కమిలింది. దోమ కుట్టి ఉంటుంది. ఈ డ్రైన్ల పక్కన దోమలకేం తక్కువ.

మే 16

వచ్చారు.

పట్టపగలే, వీధి అంతా చూస్తుండగా. కానిస్టేబుళ్ళు మంచాలు ఎత్తి చూశారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, సైకిలు బెల్లు కొట్టి చూశారు. వాళ్ళ పై అధికారి, దారోగా, బెంగాలీ. కానీ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు మనలాగే మాట్లాడతాడు. అరిచే పోలీసైతే ఏడ్చి గోలపెట్టేదాన్ని. ఇతను గుమ్మంలో ఆగి, "రావొచ్చా దీదీ?" అన్నాడు.

"ఊరెళ్ళినారు బాబూ. చినమావగారు పోయినారు. రైలుబళ్ళు నడవక అక్కడే ఉండిపోయినారు," అన్నాను.

"నిజంగానే పోయినారా?"

నేను నోరు తెరిచేలోపు గోడ మీంచి జోగమ్మ పిన్ని అందుకుంది. "అదేటి మాట బాబూ! మైలింటికొచ్చి అలాగడగొచ్చేటి? నానే కదా అన్నమొండి పెట్టినాను. పదో దినం వరకూ ఆలింట్లో దీపం ఎలగనేదు, గుమ్మంలో ముగ్గు పడనేదు. కావలిస్తే వొరసంతా అడుగు." ముగ్గు అన్నప్పుడు నా వైపు చూడలేదు.

దారోగా గోడ వైపు చూసి, "ఠీక్ హై మౌసీ," అని వెళ్ళిపోయాడు.

తరవాత నేను గోడ దగ్గరికి వెళ్ళాను. ఏడుపొచ్చింది. పిన్ని కసిరింది. "డూటీకెల్తన్నది మా ఆయన, నాను కాదు. ఎర్రిదానా, ఏడుపాపు." వెళ్తూ వెనక్కి తిరిగి, "ఆ గుంటని గిల్లకు. ఎంత కమిలిపోనాదో సూసుకున్నావా?" అంది.

దోమ అని చెప్పాను.

మే 18, శనివారం

జడుపమ్మని బయటికి తీశాను. తీతు టీవీ వైపు తిరిగి కూర్చోవాలంటే ఇంకో దారి లేదు. ఆమెని చూడగానే పిల్లలు చేసిన గోలకి బాల్వాడీ రేకులు ఎగిరిపోయాయి. నాకూ కాసేపు భయం పోయింది, ఒట్టు.

చెవిలో చెప్పే వంతులు నడుస్తుంటే గుమ్మంలో నీడ పడింది. దారోగా. టోపీ చంకలో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా తల వంచి చూస్తున్నాడు. "కానీండి దీదీ," అన్నాడు. తీతు అతనికి రూలు కూడా చెప్పాడు, జడుపమ్మకి చెప్పింది ఇంకెవరికీ చెప్పకూడదని.

పైడి వంతు వచ్చింది. పైడి లేచింది. నేను పెట్టె ముందు గుడ్డ దించేసి, "కరెంటు పోయింది," అన్నాను.

పిల్లలందరూ "అయ్యో" అన్నారు. దారోగా నవ్వాడు.

మే 21

కుదురుగా రాయడం రావడం లేదు.

పొద్దున్న మళ్ళీ బాల్వాడీకి వచ్చాడు. "ఆ దినం కరెంటు పోయింది కదా దీదీ, ఈ పాప వొంతు మిగిలిపోనాది," అంటూ జడుపమ్మని తీసి తన చేతికి తొడుక్కున్నాడు. పెద్ద చెయ్యి. బొమ్మ మెడ దగ్గర కుట్లు పుటుక్కున విడిపోయాయి.

వద్దనాలి. వద్దంటే ఎందుకంటాడు. పైడి నా వైపు చూసింది. నేను మొహం మామూలుగా పెట్టుకున్నాను, అంతకంటే ఏం చెయ్యగలను? పైడి వెళ్ళింది. జడుపమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది. అతను తల వంచాడు. ఏదో చెప్పింది. ఆగింది. మళ్ళీ చెప్పింది. అంతసేపు ఏం చెప్పడానికుంటుంది ఆ నోటికి? గోడ పట్టుకుని నిలబడ్డాను.

అతను బొమ్మ తీసి పెట్టె మీద పెట్టాడు.

"ఏటి సెప్పింది?" అన్నాను. రూలు నేనే తప్పాను.

"రెండు సెప్పింది. ఒకటి మీకు సెప్తాను. మా అమ్మ మామూలు మొహం పెడితే నాకు భయం అంది."

"రెండోది?"

"అది జడుపమ్మకి సెప్పింది దీదీ," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మే 22

రెండోది ఏమిటి?

మే 23

మలంచా వెళ్ళి ఆయన్ని వేరే చోటికి మారమని చెప్పాలి. వెళ్తే పోలీసులు నా వెనకే వస్తారు. అందుకే దారోగా రెండోది చెప్పకుండా వదిలేశాడేమో, నేనే దారి చూపిస్తానని. వెళ్ళకపోతే ఈపాటికే పట్టుకున్నారేమో. కుసుమ గారి దగ్గర నుంచి కబురు లేదు. ఝపటాపూర్‌లో ఎవరినో పట్టుకున్నారని కుళాయి దగ్గర అన్నారు. పేరు అడగడానికి ధైర్యం చాలలేదు.

భయం లేదని మొదట్లో రాశాను. ఎవరికి చెప్పుకున్నానో ఆ మాట!

మే 24

పైడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల నిమురుతూ అడిగాను. బతిమాలాను. పటికబెల్లం పెట్టాను. "జడుపమ్మకి ఏటి సెప్పినావు తల్లీ? అమ్మకి సెప్పు."

నా మొహంలోకి చూసి, "నాన్న ఊరెళ్ళినారు. సినతాత పోనారు," అంది.

నాకే! అలాంటి మొహం నేను ఎక్కడా చూడలేదు. చూడలేదంటే అబద్ధం, అద్దంలో చూశాను.

మే 28

సమ్మె ఆగిపోయింది. గెలిచి కాదు. నిన్న రేడియోలో చెప్పారు.

మధ్యాహ్నం ఆయన ముందు తలుపు నుంచే వచ్చారు. చిక్కిపోయారు, చొక్కా నిండా మిరపకాయల వాసన. తుమ్ముతున్నారు. గోడవతల జోగమ్మ పిన్ని గట్టిగా, వీధికి వినపడేలా, "వొచ్చినారా నాయనా ఊర్నించి!" అంది. ఎర్రయ్య గారు కూడా గుమ్మంలోకి వచ్చాడు. మా వైపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

రెండోది ఏమిటో ఇప్పటికీ తెలియదు. మలంచాకి ఎవరూ రాలేదట. ఆ దారోగాకి పైడి ఏమీ చెప్పలేదో, చెప్తే అతను మా రూలు పాటించాడో. ఇంక ఎవరిని అడగను?

ఆయన నేల మీద చతికిలబడి చేతులు చాపారు. "పైడమ్మా, రాయే."

పైడి చాప మీద కూర్చుని ఉంది. కదల్లేదు. మొహం మామూలుగా పెట్టుకుని, "మా నాన్న ఇంట్లో నేరు. ఊరెళ్ళినారు. సినతాత పోనారు," అంది.

ఆయన నవ్వారు. "ఓసోస్, బలే నేర్పినావే దీనికి!" అన్నారు నాతో. మళ్ళీ పిలిచారు. పైడి మళ్ళీ అదే అంది, అదే గొంతుతో, ఒక్క మాట తేడా లేకుండా. ఆయన నవ్వు ఆగిపోయింది. "నానేనే, మీసం నేదని గుర్తుపట్నేదా?" అన్నారు. గుర్తుపట్టింది. అది నాకు తెలుస్తోంది. అందుకే అలా చెప్తోంది.

పరిగెత్తి బాల్వాడీ సంచిలోంచి జడుపమ్మని తీసి చేతికి తొడుక్కుని వచ్చాను. "పైడీ, నాకు సెప్పవా?" అని జడుపమ్మ గొంతుతో అడిగాను. పైడి బొమ్మ మెడ దగ్గర చిరుగు చూసింది. "నాన్న ఊరెళ్ళినారు," అంది బొమ్మతో కూడా.

బొమ్మ తీసేశాను. వెళ్ళి దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, దాన్ని ఎలా పెట్టాలో ఆలోచించలేదు.

"పైడీ, అమ్మకి భయమేసినాదే," అన్నాను. "సానా భయమేసినాది. నాన్నని పట్టుకుపోతారని. నువ్వు సెప్పేస్తావని. నిన్ను గిల్లినాను. దోమ కాదు, నానే. ఇప్పుడూ భయంగానే ఉన్నాది, నాన్నకి ఉజ్జోగం ఉంటాదో ఊడతాదో తెల్దు. ఆ దినం నాన్న ఏడ్సినాడు, నువ్వు సూసింది నిజమే. మిరపకాయల ఘాటుకి కాదు."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. తరవాత ఏమనుకున్నారో మళ్ళీ ఇటు తిప్పారు. కళ్ళు తుడుచుకోలేదు. పైడి చూడనిచ్చారు.

పైడి నన్ను చూసింది. ఆయన్ని చూసింది. కింది పెదవి వణికింది. చాప మీద కొంచెం పక్కకి జరిగి, ఖాళీ చేసిన చోట అరచేత్తో తట్టింది.

"నాకూను," అంది. "రా, పక్కన కూకో. నాన్నా, నువ్వు కూడా."

వెళ్ళి కూర్చున్నాం.